మామ్మ వంతు

తెలుగులో ‘వంతు’ అనే మాట రెండర్థాలలో వాడుకలో ఉంది. ఉమ్మడి ఆస్తిలో ఒకరికి రావలసిన భాగాన్ని వంతు అంటాము. వరుస ప్రకారం ఒకరి మీద పడే పనిని, బాధ్యతను కూడా వంతనే అంటాము. చరిత్ర విద్యార్థిగా కొంతకాలం, రెవెన్యూ శాఖలో ఉద్యోగిగా చాలాకాలం ఈ మాటను నేను మొదటి అర్థంలోనే ఎక్కువగా చదివాను, రాశాను. రెండో అర్థం మా మామ్మ వల్ల తెలిసింది. గోదావరి జిల్లాలలో నాయనమ్మను మామ్మ అని పిలవడం పరిపాటి.

మా ఊరు నరసాపురానికి ఎగువన, కాలువగట్టు మీద ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత కాలువల కింద మాగాణి అయి, వరి వల్ల కలిగినవాళ్ళు పెరిగిన గ్రామాలలో అదొకటి. మా తాతగారు 1950ల నాటికి ధాన్యం వర్తకంలో నిలదొక్కుకుని, తర్వాత రైసుమిల్లు కట్టి, గోదాములు వేసి, లారీలు కొన్నారు. నాలుగు వసారాల మండువా లోగిలి మాది. వానాకాలంలో మండువాలో పడే నీటి చప్పుడు తప్ప ఆ ఇంట్లో మనసుకు హాయి గొలిపే ధ్వని ఏదీ నాకు గుర్తు లేదు.

1986లో తాతగారు పోయారు. అప్పటికి నాకు ఆరేళ్ళు. ఇనప్పెట్టె తాళంచెవి ఎవరి మొలతాడుకు ఉండాలనే దగ్గర మొదలైన తగవు ఆరేళ్ళపాటు నడిచింది. పెదనాన్నగారు మిల్లు లెక్కలు చూసేవారు. ఆ లెక్కలను మా నాన్నగారు నమ్మేవారు కారు. చిన్నాన్నగారు ఇద్దరినీ నమ్మేవారు కారు. నాన్నగారికి తాగుడు అలవాటు అప్పుడే ముదిరింది. అమ్మ ఏడాదికి రెండు మూడుసార్లు పుట్టింటికి వెళ్ళి, నెలల తరబడి అక్కడే ఉండిపోయేది. నన్ను మాత్రం బడి పోతుందని ఊళ్ళోనే ఉంచేవారు. సంపన్నుల పిల్లలకు ఏ లోటూ ఉండదని బయటివారు అనుకుంటారు. వెండి కంచంలో అన్నం ముందు పెట్టుకుని, పక్కగదిలో తండ్రి గొంతు ఏ స్థాయికి చేరుతుందోనని చెవి ఒగ్గి కూర్చున్న పిల్లవాడి సంగతి వారికి తెలిసే అవకాశం లేదు.

మామ్మ గది పెరటి వసారా చివర, ధాన్యపు కొట్టును ఆనుకుని ఉండేది. మగనాలిగా ఉన్నంతకాలం ఆమెది పడమటింటి పక్క పెద్దగది. తాతగారు పోయిన నెలలోనే ఆమె తనంతట తానే ఈ గదిలోకి మారిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. తనంతట తానే అన్నది ఎంతవరకు నిజమో నేనెన్నడూ అడగలేదు. అందులో ఒక నవారు మంచం, గోడగూట్లో దీపం, ఊరగాయ జాడీలు, ఒక పాత ట్రంకుపెట్టె ఉండేవి. శారదా చట్టం 1930లోనే అమలులోకి వచ్చినా, 1939లో పదమూడో ఏట పెళ్ళయి ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆమె వెంట వచ్చిన పెట్టె అది. గది తలుపుకు గడియ ఊడిపోయింది. దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పటి ఒక రాత్రి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. హాలులో ముగ్గురు అన్నదమ్ములూ ఆవర్జా పుస్తకాలు ముందు వేసుకుని కూర్చున్నారు. కొంతసేపటికి ఒక పుస్తకం గోడకు తగిలిన చప్పుడయింది. తర్వాత గాజు పగిలింది. నేను చీకట్లో వసారా వెంట పరుగెత్తి మామ్మ గదిలో పడ్డాను. ఆమె ఏమీ అడగలేదు. ట్రంకుపెట్టెను రెండు చేతులతో ఈడ్చి తలుపుకు అడ్డంగా పెట్టింది. తన రాత్రి భోజనం కోసం కలుపుకున్న పెరుగన్నంలో సగం నా చేతిలో ముద్దలుగా పెట్టి, ఒక మాగాయ టెంక ఇచ్చింది.

“వాళ్ళేం చేస్తున్నారు మామ్మా?” అన్నాను.

“లెక్కలు చూసుకుంటున్నార్రా. తేలేదాకా అరుస్తారు. నువ్వు కానీ.”

అంత పెద్ద కలహానికి అంత చిన్న వ్యాఖ్య సరిపోతుందని ఆ వయసులో నాకు తోచడం గొప్ప ఊరట. ఆ తర్వాత ఆమె కాశీమజిలీలోని ఏదో కథ మొదలుపెట్టేది. మణిసిద్ధుడు, గోపాలకుడు ఏ మజిలీలో ఆగారో ఆమెకూ సరిగ్గా గుర్తుండేది కాదు. నిన్నటి రాజకుమారుడు ఇవాళ మంత్రికుమారుడైపోయేవాడు. నేను దిద్దబోతే, “అవున్రా, వాడూ వీడూ ఒకళ్ళే” అనేది. ఆ గదిలో నాకు భయం వేసిన జ్ఞాపకం లేదు. గడియ లేని ఆ తలుపుకు ట్రంకుపెట్టె అడ్డం ఉంటే ఇక ఎవరూ రాలేరని నా నమ్మకం. బలవంతుడు ఒక్క తోపు తోస్తే అది జరిగిపోతుందని పెద్దయ్యాక తెలిసింది. ఎవరూ తోయలేదు. ఆ ఇంట్లో ఆమె మాటకు బరువు లేకపోయినా, ఆమె మూసిన తలుపును మాత్రం కొడుకులు మన్నించారు.

ఆమెను దేవతగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. మా అమ్మ ఇప్పటికీ ఒక మాట అంటుంది: “మీ మామ్మ ఆ రోజుల్లో ఒక్క మాట గట్టిగా అని ఉంటే నేను పుట్టింటికి వెళ్ళవలసి వచ్చేది కాదు.” అందులో న్యాయం ఉంది. మనవడికి తలుపు తీసిన మనిషి కోడళ్ళకు తీయలేదు. కొడుకుల మధ్య తీర్పు చెప్పలేదు, కొడుకు చేతి గ్లాసును లాక్కోలేదు. నేను పెద్దవాడినయ్యాక ఒకసారి ధైర్యం చేసి ఈ సంగతి ఎత్తాను. ఆమె చాలాసేపు వత్తులు చేసుకుంటూ కూర్చుని, “చెప్పాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలిరా. నా చేతిలో ఏముంది? పిల్లాడికి అన్నం పెట్టగలను. అది పెట్టాను” అన్నది.

ఆమె చేతిలో ఏముండవలసిందో లెక్క కట్టడం చదువుకున్న తర్వాతగాని నాకు చేతకాలేదు. ఆరవ విక్రమాదిత్యుని కాలంలో కల్యాణి చాళుక్యుల ఆస్థానానికి చెందిన విజ్ఞానేశ్వరుడు మితాక్షర రచించాడు. పదమూడో శతాబ్దిలో కేతన దాని ఆధారంగా తెలుగులో విజ్ఞానేశ్వరీయము రాశాడు. తండ్రి మరణానంతరం కొడుకులు ఆస్తి పంచుకుంటే తల్లికి కూడా సమానభాగం ఇవ్వాలన్నది యాజ్ఞవల్క్యుడి మాట. మితాక్షర దాన్ని సమర్థించింది. కానీ దక్షిణాదిన, ముఖ్యంగా మద్రాసు రాజధానిలో, ఆ నియమం ఆచరణ నుంచి జారిపోయింది; తల్లికి మిగిలింది భరణం మాత్రమే. 1937 చట్టం వితంతువుకు పరిమితమైన హక్కు ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం ఆమెను భర్త వాటాకు పూర్తి వారసురాలిని చేసింది. మా ఆస్తిని ఉమ్మడి ఆస్తిగా లెక్కిస్తే, తాతగారిది నాలుగో వంతు. దానికి మామ్మ, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, వెరసి ఆరుగురు వారసులు. అంటే మామ్మ వంతు ఇరవైనాలుగింట ఒకటి. విజ్ఞానేశ్వరుడు ఇస్తానన్నదానితో పోలిస్తే అది చిన్నదే. అయినా ఒక రైసుమిల్లు ఇంట్లో ఇరవైనాలుగో వంతు ఒక మనిషి తలెత్తుకుని బతకడానికి చాలును.

ఆ వంతు ఆమెకు రాలేదు. 1992 ఎండాకాలంలో పెద్దమనుషులు కూర్చుని పంపకాలు తేల్చారు. మామ్మ, మేనత్తలిద్దరూ హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు చేశారు. “మాకెందుకమ్మా, అన్నదమ్ములు బాగుంటే చాలు” అని మేనత్తలు అనడం నేను విన్నాను. మామ్మ ఏమీ అనలేదు. పెద్దబాలశిక్ష చదివి నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా సంతకం చేసి, కలం మూత పెట్టి తిరిగి ఇచ్చింది.

విభాగ పత్రం నకలు ఇప్పుడు నా దగ్గర ఉంది. చరిత్ర చదివినవాడి కంటికి అది మంచి ఆధారం. మిల్లు ఒకరికి, గోదాములు ఒకరికి, మాగాణిలో పైచెక్క ఒకరికి, పల్లపుచెక్క ఒకరికి, లారీలు, వెండి కంచాలు, ఇత్తడి గుండిగలు, చివరకు పెరట్లోని కొబ్బరిచెట్ల లెక్క సహా అన్నీ అందులో ఉన్నాయి. కొబ్బరిచెట్ల తర్వాతి అంశం మామ్మ. మాతృమూర్తిని సోదరులు ముగ్గురూ ఏటా నాలుగు నెలల చొప్పున వంతులవారీగా పోషించవలసినదని రెండు పంక్తులలో ఉంది. చైత్రం నుంచి ఆషాఢం దాకా పెదనాన్నగారు, శ్రావణం నుంచి కార్తికం దాకా నాన్నగారు, మార్గశిరం నుంచి ఫాల్గుణం దాకా చిన్నాన్నగారు. 1993 ఉగాది నాడు ఆమె ట్రంకుపెట్టె మొదటిసారి రిక్షా ఎక్కింది. పెరటి వసారా చివరి గది చిన్నాన్నగారి భాగానికి వచ్చి ధాన్యపు కొట్టులో కలిసిపోయింది.

పత్రం రాసినవారు ఒక సంగతి మరిచిపోయారు. మన పంచాంగంలో రెండున్నర, మూడేళ్ళకొకసారి అధికమాసం వస్తుంది. 1993లో అధిక భాద్రపదం నాన్నగారి వంతులో పడింది. మామ్మ మీద అంత మనస్తాపం ఉన్న మా అమ్మే, ఎవరితోనూ మాటాడకుండా, ఆ అయిదు నెలలూ ఆమెను చూసింది. 1996లో అధిక ఆషాఢం పెదనాన్నగారి వంతులో వచ్చింది. ఒప్పందం నాలుగు నెలలకేనని ఆయన, అధికమాసం ఎవరి వంతులో వస్తే వారిదేనని నాన్నగారు పట్టుపట్టారు. అప్పటికి కుటుంబం పరిస్థితి బాగా దిగజారింది. పల్లపుచెక్కను రొయ్యల చెరువులుగా తవ్వించిన చిన్నాన్నగారు 1994, 95లలో కోస్తా అంతటా చెలరేగిన తెల్లమచ్చ తెగులుకు పెట్టుబడి అంతా పోగొట్టుకుని, పంపకాలు తిరగదోడాలని దావా వేశారు. అన్నదమ్ములు కోర్టు ఆవరణలో తప్ప కలవని రోజులవి.

“అధికమాసంలో క్షేత్రవాసం మంచిదిరా. నన్ను అంతర్వేదిలో దింపు” అన్నది మామ్మ నాతో. అప్పుడు నాకు పదహారేళ్ళు. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సులో నరసాపురం రేవుకు, అక్కడి నుంచి పంటు మీద సఖినేటిపల్లికి, తిరిగి బస్సులో అంతర్వేదికి తీసుకువెళ్ళాను. తొలకరి జల్లు పడుతోంది. పంటు మీద ఆమె తన కొంగు నా తల మీద కప్పింది. సత్రంలో గది కుదిర్చి తిరిగి వస్తుంటే, “మీ పెదనాన్నతో ఏమీ అనకు. మీ నాన్నతోనూ అనకు. నేనే రావాలనుకుని వచ్చాను” అని రెండుసార్లు చెప్పింది. కొడుకులు నలుగురిలో చులకన కాకుండా ఆమె ఆ నెలను పుణ్యంగా మార్చిందని ఇంటికి చేరేలోగా నాకు అర్థమయింది. అర్థమై కూడా నేను చేసినది ఏమీ లేదు.

విశాఖపట్నంలో ఎమ్మే చదివే రోజుల్లో గోర్కీ తన బాల్యాన్ని గురించి రాసిన పుస్తకం చదివాను. నీజ్నీ నొవ్‌గొరొద్‌లో రంగుల అద్దకపు కార్ఖానా గల తాత ఇల్లు, పంపకాల కోసం కొట్టుకునే మేనమామలు, ఆ పిల్లవాణ్ణి కథలతో కాపాడిన అమ్మమ్మ. వోల్గా ఒడ్డున పందొమ్మిదో శతాబ్దిలో జరిగిన ఆ కథలో మా మండువా లోగిలి కనిపించి నివ్వెరపోయాను. ఆ అమ్మమ్మ 1887లో మరణించింది. అప్పటికి కజాన్‌లో ఉన్న మనవడికి ఆ సంగతి వారాలు గడిచాక ఉత్తరం ద్వారా తెలిసింది. ఆ పుట దగ్గర పుస్తకం మూసి, నా విషయంలో అలా జరగనివ్వనని గట్టిగా అనుకున్నాను. యౌవనంలో ఇటువంటి తీర్మానాలు సులభంగా చేస్తాము.

2004లో నాన్నగారు పోయారు. ఆయన అప్పులు, మిగిలిన పొలంతోపాటు మామ్మ విషయంలో ఆయన వంతు కూడా నాకు సంక్రమించింది. 2009లో నేను కృష్ణా జిల్లాలో ఉద్యోగంలో ఉన్నాను. ఆ శ్రావణంలో మామ్మ మా ప్రభుత్వ నివాసానికి వచ్చింది. ఎనభై మూడేళ్ళు. నడుము వంగింది కాని చూపు తగ్గలేదు. ఆమెకు విడిగా గది ఇచ్చాము. గడియ ఉన్న గది. కొత్త బీరువా పెట్టించాను. నా భార్యకు పెరుగన్నంలోకి మాగాయ టెంక ఎందుకో వివరించి చెప్పాను.

అక్టోబరు మొదటి వారంలో కృష్ణకు మహా వరద వచ్చింది. కర్నూలు మునిగింది. ప్రకాశం బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్ళింది. లంక గ్రామాల ప్రజలను శిబిరాలకు తరలించే పనిలో పది రోజులు నేను ఇంటి పట్టున లేను. ఒక అర్ధరాత్రి ఇల్లు చేరేసరికి మామ్మ మేలుకుని ఉంది. “ఎందరికి అన్నం పెట్టావురా?” అని అడిగింది. శిబిరాల లెక్క చెప్పాను. ఆమె తృప్తిగా తల ఊపి, “వాళ్ళను మళ్ళీ ఎప్పుడు పంపించేస్తారు?” అన్నది. నీళ్ళు తగ్గగానే అన్నాను. ఆ ప్రశ్న లంకవాసుల గురించేనని అప్పుడు అనుకున్నాను.

నవంబరు 16 కార్తిక అమావాస్య. ఆ ముందు రోజే చిన్నాన్నగారి ఫోను వచ్చింది. కారు పంపించనా, నీవే పంపుతావా అని అడిగారు. నేనే పంపుతానన్నాను. ఇంకో నెల ఉంచుకుంటానని అనవచ్చు. ఆమె ఇక్కడే ఉంటుందని కూడా అనవచ్చు. అంటే దావా నడుస్తున్న కుటుంబంలో కొత్త తగవు అవుతుందని, చిన్నాన్నగారు తనను అవమానించానని అనుకుంటారని, నిబంధనలకు అలవాటుపడిన బుద్ధి కారణాలు వెతుక్కుంది. నా చేతిలో ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఇల్లు ఉంది. చెప్పడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలన్న మామ్మ మాట ప్రకారం చూస్తే నాకు అన్నీ ఉన్నాయి. మార్గశిర శుద్ధ పాడ్యమి ఉదయం ఆమె స్నానం చేసి, ట్రంకుపెట్టె పక్కన కూర్చుని ఉంది. కారు ఎక్కేటప్పుడు నా చుబుకం పట్టుకుని, “మళ్ళీ శ్రావణానికి వస్తాగా” అన్నది.

2010 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు చిన్నాన్నగారి ఇంట్లో నిద్రలోనే పోయింది. నాకు ఫోను వెంటనే వచ్చింది. గోర్కీకి ఉత్తరం ఆలస్యంగా అందింది. నాకు ఆ సాకు కూడా లేదు.

కర్మకాండ ముగిసి తిరిగి వచ్చాక ఆమె గది సర్దబోయి బీరువా తెరిచాను. అడుగున పరిచిన పత్రికా కాగితం మడత కూడా నలగలేదు. నాలుగు నెలలూ ఆమె తన చీరలు ట్రంకుపెట్టెలోనే ఉంచుకుంది. పదహారేళ్ళుగా వంతుల మీద బతికిన మనిషికి, మనవడి ఇల్లు కూడా మరొక మజిలీగానే కనిపించింది. అది కాదని నేను మాటతో చెప్పలేదు, చేతతోనూ చూపలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు రెవెన్యూ డివిజనల్ అధికారిగా, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఏర్పడిన ట్రిబ్యునల్‌కు అధ్యక్షత వహించవలసి వచ్చింది. ఆ చట్టంలో సంతానమంటే కొడుకులు, కూతుళ్ళే కాదు, మేజరైన మనవలూ మనవరాళ్ళూ కూడా. నోటీసు అందిన 90 రోజులలో తేల్చాలి. నెలకు 10,000 రూపాయలకు మించకుండా భరణం నిర్ణయించవచ్చు. చట్టం మంచిదే. దాని పరిధిలో ఎందరో వృద్ధులకు తిండి, మందులు అందడం కళ్ళారా చూశాను.

ఒక విచారణను మాత్రం ఇక్కడ చెప్పాలి; వివరాలు చెప్పడం ఉచితం కాదు. కొడుకులు ముగ్గురు. ముగ్గురూ ఉన్నవాళ్ళే. తగవు పెట్టుకోకుండా వారే ఒక కాగితం రాసుకుని వచ్చారు: ఏటా నాలుగేసి నెలలు. సంతకాలు కూడా అయ్యాయి. నేను దాన్ని అనుసరించి ఉత్తర్వు ఇస్తే అరగంటలో పని ముగుస్తుంది. తల్లి బల్ల చివర కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచి. ఎవరు అందుకోబోయినా దించడం లేదు. నేను కాగితం పక్కన పెట్టి, “మీకు ఎక్కడ ఉండాలని ఉందమ్మా?” అని అడిగాను.

ఆమె కొడుకుల వంక చూసింది, నా వంక చూసింది. చాలాసేపటికి, “నన్ను ఇదివరకెవరూ అడగలేదు బాబూ. ఆలోచించుకోవాలి. ఓ వాయిదా ఇప్పించండి” అన్నది.

వారం వాయిదా ఇచ్చాను. వచ్చే విచారణలో ఆమె ఊళ్ళోని తన పాత పెంకుటింట్లో ఉంటానని చెప్పింది. కొడుకులు ఇల్లు బాగుచేయించి, నెలనెలా డబ్బు కట్టాలని, రాకపోకలకు అడ్డు ఉండకూడదని ఉత్తర్వు రాశాను. వంతు అనే మాట అందులో ఎక్కడా రాయలేదు.

ట్రంకుపెట్టె ఇప్పుడు నా దగ్గర, నేను చదువుకునే గదిలో, తలుపు పక్కన ఉంది. బదిలీ అయిన ప్రతి ఊరికీ వెంట తీసుకువెళతాను. ఆ పరాయి తల్లిని అడిగిన ప్రశ్న పెద్ద చదువు వల్ల వచ్చినది కాదు. 2009 కార్తిక అమావాస్య నాడు నా ఇంట్లోనే నేను అడగవలసి ఉండి అడగనిది.